క్రోషే గులాబీలు రెండు రోజులకే వాలిపోతున్నాయి, బొకే ఆర్డర్‌కి రేటు ఎంత చెప్పాలి?

గుంటూరు_గులాబి:

అందరికీ నమస్తే అండి. మాది గుంటూరు, బ్రాడీపేట. టేబుల్ మ్యాట్లు, చంటిపిల్లల టోపీలు అల్లడం ఎప్పటినుంచో అలవాటే గానీ పూలు మొదలుపెట్టింది మాత్రం ఈమధ్యే. హాల్లో పెట్టుకోవడానికి అల్లిన గులాబీల ఫొటో స్టేటస్‌లో పెడితే మా ఆడపడుచు తోటికోడలు చూసి, వాళ్ళమ్మాయి నిశ్చితార్థానికి చేత్తో పట్టుకునే బొకే ఒకటి, గుమ్మానికి బంతిపూల తోరణం ఒకటి చేసిపెట్టమని అడిగారు. ఫంక్షన్ విజయవాడలో, వచ్చే నెల. డబ్బులు ఇస్తామనే అన్నారు, ఎంత చెప్పాలో తెలియక "ఆలోచించి చెప్తా వదినా" అని ఆపాను.

ముందు పని సంగతి. నాది పొడుగు చైన్ (గొలుసు కుట్టు) వేసి, దాని మీద షెల్స్ (ఒకే చోట కొన్ని కుట్లు వేస్తే విసనకర్రలా విచ్చుకునే రేకులు) వరస వేసి చుట్టే పద్ధతి. చుట్టగానే బాగుంటుంది, రెండు రోజులు తిరిగేసరికి బయటి రేకులు కిందికి వాలిపోయి మధ్యలో మొగ్గ ఒక్కటే పైకి పొడుచుకొస్తుంది. మిల్క్ కాటన్ దారం (నూలు, ఎక్రిలిక్ కలిసిన మెత్తటి దారం), 3.5 ఎం.ఎం. క్రోషే సూది, అడుగున గ్లూ గన్‌తో అంటిస్తున్నాను. కాడతో ఇంకో తిప్పలు. పువ్వు బరువుకి కాడ వంగిపోతోంది, పట్టుకుంటే పువ్వు కాడ మీద గుండ్రంగా తిరుగుతోంది కూడా.

ఇక రేటు. ఒక్కో గులాబీకి ముప్పావు గంట పడుతోంది. ఆన్‌లైన్‌లో చూస్తే చిన్న బొకేలు రెండు వందలకే కనిపిస్తున్నాయి, ఆ రేటుకి నాకు దారం ఖర్చు కూడా సరిగ్గా రాదు. చుట్టాల దగ్గర ఎక్కువ చెప్పానన్న మాట రాకూడదు, తక్కువ చెప్పి తర్వాత నేను బాధపడకూడదు. అమ్ముతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.


పటమట_పోగులు:

హాయ్ అండి, నేను విజయవాడ నుంచి. బొకేలు, క్లిప్పులు, కుండీల్లో పెట్టే పూలు అమ్ముతుంటాను. ముందు ఆ సూది మార్చండి. మిల్క్ కాటన్‌కి 3.5 అంటే బొమ్మలకీ పూలకీ బాగా వదులు. టోపీకి మెత్తగా సాగాలి కాబట్టి వదులు కావాలి, రేకుకి నిలబడాలి కాబట్టి బిగువు కావాలి. 2.5 తీసుకోండి, చెయ్యి వదులుగా అల్లేవాళ్ళయితే 2.25 ఇంకా మంచిది. మొదట్లో వేళ్ళు నొప్పిగా ఉంటాయి, కుట్టులోకి సూది దూరడం కష్టంగా ఉంటుంది, అలా ఉందంటే సరైన బిగువులో ఉన్నట్టే లెక్క.

రెండోది, షెల్స్ అన్నీ ఒకే సైజులో వేస్తున్నారేమో చూసుకోండి. గులాబీలో లోపలి రేకు చిన్నది, బయటి రేకు పెద్దది. చైన్ మొదట్లో నాలుగైదు షెల్స్ హాఫ్ డబుల్ అనే పొట్టి కుట్టుతో వేసి, మధ్యలో కాస్త ఎత్తైన డబుల్‌కి వచ్చి, చివరి ఐదారు షెల్స్ ఇంకా ఎత్తైన ట్రెబుల్‌తో వెడల్పుగా వేస్తే చుట్టినప్పుడు మొగ్గ లోపలికి ఉండి బయటి రేకులు దాన్ని కప్పుతాయి. పాటర్న్ చూసి అల్లుతుంటే అది అమెరికా పద్ధతా బ్రిటన్ పద్ధతా అన్నది కూడా చూసుకోండి. అమెరికా వాళ్ళు డబుల్ అనేదాన్ని బ్రిటన్ వాళ్ళు ట్రెబుల్ అంటారు, ఇది కలగాపులగమైతే రేకు ఎత్తు మొత్తం తేడా వచ్చేస్తుంది.

చుట్టేటప్పుడు గ్లూ వద్దు. అదే రంగు దారం ఊలు సూదికి ఎక్కించి, ఒక్కో చుట్టు తిరగగానే అడుగున అన్ని పొరల్లోంచి అడ్డంగా ఒక కుట్టు, దానికి నిలువుగా ఇంకో కుట్టు వెయ్యండి. చివరిదాకా చుట్టేశాక ఒకేసారి కుడితే లోపలి పొరలకి సూది అందదు, మొగ్గ పైకి రావడానికి కారణం అదే. ఆఖరి రేకు అంచు మీద మాత్రం పువ్వు పక్క నుంచి ఒక చిన్న కుట్టు, పైకి కనపడకుండా.


అరండల్‌పేట_వైర్:

గ్లూ విషయంలో పై అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను మెకానికల్ చదువుతున్నాను, మా అక్క అల్లితే కాడలు, అసెంబ్లీ పని నాది. గ్లూ గన్ జిగురు వేడికి కరిగి చల్లబడితే గట్టిపడే రకం, మళ్ళీ వేడి తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. గుంటూరు నుంచి విజయవాడకి ఎండాకాలంలో, అద్దాలు మూసి ఎండలో ఆపిన కారులో బొకే ఉంచితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కుట్టు అయితే ఈ టెన్షన్ ఉండదు.

కాడకి వైర్ గేజి (తీగ మందం నంబరు) చూసి కొనండి. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, ఇది చాలామంది తిరగేసి అనుకుంటారు. గులాబీ, సన్‌ఫ్లవర్ లాంటి బరువు పూలకి 18 గేజి, చిన్న పూలకీ ఆకులకీ 20 లేదా 22, రేకు అంచులో పెట్టి అల్లడానికైతే 26. మీ దగ్గరున్న తీగ సన్నగా ఉంటే రెండు తీగలు కలిపి మెలితిప్పండి, బలం వస్తుంది. ఇళ్ళ కట్టుబడికి వాడే బైండింగ్ వైర్ చవగ్గా వస్తుంది గానీ దాని జోలికి వెళ్ళకండి. కృష్ణ ఒడ్డున ఉన్నాం, గాల్లో చెమ్మ ఎక్కువ, అది తుప్పు పడితే మరక దారంలోకి ఎక్కి లేత రంగు పువ్వు పాడైపోతుంది. ప్లాస్టిక్ పూత ఉన్నది గానీ కాగితం చుట్టిన ఫ్లవర్ వైర్ గానీ తీసుకోండి.

పువ్వు గుండ్రంగా తిరగడం ఎందుకంటే తీగ తిన్నగా ఒక్క పుల్లలా లోపలికి దిగింది కాబట్టి. తీగ చివర ముక్కుపుడకంత రింగు తిప్పండి, ఆ రింగుని కాడకి అడ్డంగా వంచండి, పువ్వు మధ్యలోంచి పైనుంచి కిందికి దించండి. రింగు మొగ్గలో దాక్కుంటుంది. తర్వాత ఆ రింగులోంచి రెండు మూడు కుట్లు వేసి పువ్వుకి కట్టేయండి. ఇక అది తిరగదు. కింద ఐదు మొనలున్న ఆకుపచ్చ తొడిమ అల్లి, తీగలోంచి పైకి తోసి కుడితే అతుకు కూడా కనపడదు.

ఫ్లోరల్ టేప్ (పూలకాడలకి చుట్టే మైనం టేపు) చుట్టేటప్పుడు లాగి సాగదీస్తూ చుట్టాలి. సాగినప్పుడే అందులోని మైనం బయటికొచ్చి అంటుకుంటుంది, ఊరికే చుడితే ఊడిపోతుంది.


లేసు_సూది:

అమ్మా, నేను సత్యనారాయణపురంలో ఉంటాను, పుట్టిల్లు నరసాపురం పక్కన. మా వైపు ఆడవాళ్ళకి చిన్నప్పటినుంచే చేతిలో లేసు సూది ఉంటుంది. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు నేర్పిన పని అది, తరాలు గడిచి గోదావరి జిల్లా పని అయిపోయింది. 2024లో నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. మీరు ఊలుతో లావుగా అల్లేది మేము సన్నదారంతో అల్లేవాళ్ళం, కుట్టు అదే.

రేకు నిలబడాలంటే మాకు తెలిసిన మందు గంజి. అన్నం వార్చిన గంజి పల్చగా చేసి, గుడ్డలో వడకట్టి, రేకుని ముంచి పిండి, చదునైన పీట మీద కావలసిన వంపులో గుండుసూదులతో గుచ్చి నీడన ఆరబెట్టాలి. ఆరాక రేకు కాగితంలా గరగరలాడుతుంది. కానీ ఇది నూలు దారానికే, అదీ చుట్టకముందు విడిగా ఉన్న రేకులకే. ఇంట్లో సంవత్సరాల తరబడి ఉంచే వస్తువుకి గంజి పెడితే బొద్దింకలు వస్తాయి, అలాంటివాటికి తెల్ల ఫెవికాల్ ఒక వంతు, నీళ్ళు రెండు మూడు వంతులు కలిపి బ్రష్‌తో రేకు వెనకవైపు పల్చగా రాయండి. ముందువైపు రాస్తే మెరుపు వచ్చి ప్లాస్టిక్ పువ్వులా కనిపిస్తుంది. మిల్క్ కాటన్‌లో ఎక్రిలిక్ కలిసి ఉంటుంది కాబట్టి ఇస్త్రీ పెట్టె మాత్రం తాకించకండి, కుట్టు అణిగిపోయి మళ్ళీ లేవదు.

రేటు గురించి నేను ఒక మాట చెప్తాను, కొంచెం గట్టిగానే చెప్తాను. మా ఊళ్ళో అమ్మలు, పిన్నులు లేసు అల్లితే పీసు లెక్కే తప్ప గంటల లెక్క ఎవరూ వేసేవాళ్ళు కాదు. వంట అయ్యాక, మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, రాత్రి దీపం కింద కూర్చుని అల్లేవాళ్ళు, "ఖాళీ టైములో చేసే పనే కదా" అని కూలి అలాగే ఇచ్చేవాళ్ళు. ఆ లేసు సముద్రాలు దాటి వెళ్ళింది, డబ్బు మాత్రం మధ్యవాళ్ళ దగ్గరే ఆగింది. నువ్వు చదువుకున్నదానివి, చేతిలో ఫోనుంది, కొనేవాళ్ళు నేరుగా నిన్నే అడుగుతున్నారు. నీ గంటలు లెక్కపెట్టుకో తల్లీ. చుట్టాలైనా సరే.


గుంటూరు_గులాబి:

పిన్నిగారూ, మీరు చెప్పిన మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టి కూర్చున్నాను. చాలా థ్యాంక్స్ అండి.

2.5 సూదితో ఇవాళ ఒకటి అల్లి చూశాను, ఒక్కో చుట్టుకీ కుడుతూ. తేడా బాగా తెలుస్తోంది, రేకు వేలితో నొక్కి వదిలితే మళ్ళీ లేస్తోంది. టైము మాత్రం ఇంకా ఎక్కువ పట్టింది. పోగులు గారూ, మరి గంటకి ఎంత వేసుకోవాలి? తోరణానికి ఎలా లెక్క కట్టాలి? అది చిన్న పనే కదా, బొకేతో పాటు కలిపి ఇచ్చేద్దామా అనుకుంటున్నాను.


పటమట_పోగులు:

అయ్యో, తోరణం చిన్న పని కాదండి! ఇక్కడ అందరూ అదే అనుకుంటారు. కాగితం మీద వేసి చూద్దాం.

బొకేలో 7 గులాబీలు అనుకుందాం. ముప్పావు గంట చొప్పున ఐదుంపావు గంటలు. ఆకులు, మధ్యలో నింపే చిన్న తెల్లపూలు మూడు గంటలు. కాడలు చుట్టి, కట్టి, కాగితం చుట్టి రిబ్బన్ వెయ్యడానికి గంటన్నర. మొత్తం దాదాపు పది గంటలు. గంటకి 80 వేసుకున్నా పనికే 800, దారం, వైర్లు, టేప్, చుట్టే కాగితం కలిపి ఒక 350 అనుకుంటే 1150. ఈ 80 అన్నది ఉదాహరణకి చెప్తున్నా, మీ చెయ్యి తిరిగినకొద్దీ పెంచుకోవచ్చు, తగ్గించడం మాత్రం వద్దు.

తోరణం సంగతి చూడండి. మూడున్నర అడుగుల గుమ్మం అంటే 42 అంగుళాలు. మూడు అంగుళాలకో బంతిపువ్వు పెడితే పైవరసకే 14. రెండు పక్కలా వేలాడే సరాలకి ఇంకో పది అయినా కావాలి. ముద్దబంతి నిండుగా అల్లితే ఒక్కోదానికి అరగంట. అంటే పన్నెండు గంటలు, బొకే కంటే ఎక్కువ! దీన్ని ఫ్రీగా కలిపితే మీ రెండు మూడు రోజుల మధ్యాహ్నాలు ఊరికే పోయినట్టే.

నేను బంతి ఇలా అల్లుతాను. మ్యాజిక్ రింగ్‌లో (లాగి బిగించే దారం ఉచ్చులో) 6 సింగిల్ కుట్లు. రెండో వరస నుంచి ప్రతి కుట్టూ కింది కుట్టు పైన కనపడే రెండు లూపుల్లో వెనక లూపులోనే వేస్తూ, వరసకి ఆరేసి పెంచుకుంటూ 12, 18, 24 దాకా వెళ్ళాలి, వరసలు కలపకుండా గుండ్రంగా తిరుగుతూనే. ముందు లూపులు మెట్లలా మిగిలిపోతాయి. దారం తెంపకుండా వెనక్కి తిరిగి, అంచు నుంచి మధ్యకి వస్తూ ఒక్కో ముందు లూపులో ఒక స్లిప్ కుట్టు (ఎత్తు లేని కుట్టు), మూడు చైన్లు, మళ్ళీ అదే లూపులో స్లిప్ కుట్టు. మధ్యకి వచ్చేసరికి అరవై దాకా చిన్న చిన్న రేకులు లేచి పువ్వు నిండుగా ఉబ్బుతుంది. మధ్యలో రెండు మూడు వరసలకి నారింజ, బయట పసుపు వాడితే ఇంకా బాగుంటుంది.

దారం మాత్రం మొత్తానికి సరిపడా ఒకేసారి కొనండి. లేబుల్ మీద రంగు నంబరు కింద లాట్ నంబరు అని ఉంటుంది, రంగు నంబరు ఒకటే అయినా లాట్ మారితే పసుపులో తేడా వస్తుంది, తోరణంలో పూలన్నీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. విజయవాడ వన్ టౌన్‌లో హోల్‌సేల్‌గా తీసుకుంటే పూర్తి ప్యాకెట్ ఒకే లాట్‌ది ఇమ్మని అడగండి.

ఆన్‌లైన్‌లో రెండు వందల బొకే గురించి ఎవరైనా అంటే ఒక్కటే చెప్పండి. ఊలు టోపీలు, స్వెట్టర్లు మిషన్ మీద అల్లొచ్చు, క్రోషే పువ్వుని మాత్రం బజారుకి సరిపడా అల్లి పడేసే మిషన్ లేదు. ఆ రెండు వందల పువ్వు కూడా ఎక్కడో ఎవరో చేత్తో అల్లిందే, ఆ మనిషికి ఎంత ముట్టి ఉంటుందో వాళ్ళనే లెక్క వేసుకోమనండి.


లేసు_సూది:

తోరణం అంటే మామిడాకు లేకుండా ఎలా అమ్మా. ఆకులు కూడా దారంతో అల్లాలని కూర్చోకు. బంతిపూలు నువ్వు అల్లి గట్టి నూలు తాడుకి గుచ్చి ఇవ్వు, పువ్వుకీ పువ్వుకీ మధ్య కొంచెం సందు వదులు. నిశ్చితార్థం పొద్దున వాళ్ళు పచ్చి మామిడాకులు కోసుకొచ్చి ఆ సందుల్లో కట్టుకుంటారు. ఆకులు ప్రతి పండక్కీ కొత్తవి, పూలు అవే. శ్రావణమాసంలో వ్రతానికి, దసరాకి, సంక్రాంతికి మళ్ళీ తీసి కట్టుకోవచ్చు. నీకు పని తగ్గుతుంది, గుమ్మానికి కళ కూడా ఉంటుంది.

గుమ్మం మీద అయితే పర్వాలేదు గానీ దేవుడి మందిరానికి కావాలని ఎవరైనా అడిగితే మాత్రం ఎక్రిలిక్ దారంతో చెయ్యకు. దీపం సెగ తగిలితే అది కరిగి అంటుకుని మండుతుంది. నూలుతో చెయ్యి, అప్పుడు కూడా దీపానికి దూరంగా కట్టుకోమని చెప్పి ఇవ్వు.


మంగళగిరి_మందారం:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాది అల్లిక కంటే మొక్కల పిచ్చి ఎక్కువ. ఒక్కటి అడుగుతాను. బొకే అనగానే అందరూ గులాబీ, ట్యులిప్, లావెండర్ దగ్గరే ఎందుకు ఆగుతారు? ట్యులిప్ మన ఎండకి పూసే పువ్వు కాదు, పెళ్ళికూతురి అమ్మమ్మ దాన్ని చూసి ఏం పువ్వని అడుగుతుంది. మందారం అల్లి ఇవ్వండి, చామంతి అల్లి ఇవ్వండి, ఎంత బాగుంటాయో!

నేను మా పెరట్లో ఒంటిరేకు మందారం కోసి, బల్ల మీద పెట్టి విడదీసి చూసి అల్లుతాను. ఐదు రేకులు, ఒక్కో రేకు ఒక పక్క పక్కరేకు కింద దాక్కుని, రెండో పక్క ఇంకో రేకు మీదికి వస్తుంది. అన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. రేకులు విడివిడిగా అల్లి, ఇలా ఒకదాని మీద ఒకటి వేసి కుడితేనే మందారం అనిపిస్తుంది, ఒకే గుండ్రంలో ఐదు రేకులు వేస్తే ఏదో ఒక పువ్వులా ఉంటుందంతే. మధ్యలో ఆ పొడుగాటి కాడ ఉంటుంది చూడండి, దానికి పైసగం చుట్టూ పసుపు గింజలు, కొసన ఐదు చిన్న ఎర్ర బొడిపెలు. 20 గేజి తీగకి ఎర్రదారం చుట్టి, పసుపు గింజలకి ఎంబ్రాయిడరీలో వేసే ముడికుట్టు వెయ్యండి, కొసన ఐదు ఎర్ర పూసలు కుట్టండి. రేకు అంచు కొద్దిగా ముడతలు పడి ఉంటుంది కాబట్టి ఆఖరి వరసలో అక్కడక్కడా ఒకే కుట్టులో రెండేసి వెయ్యండి, లోపల 26 గేజి తీగ పెట్టి అల్లితే వెనక్కి వంచుకోవచ్చు కూడా.

బొకే మధ్యలో ఇలాంటి మందారాలు మూడు, చుట్టూ తెల్ల చామంతులు, కింద నుంచి మల్లెమొగ్గలు. మల్లెమొగ్గ అయితే ఐదు నిమిషాల పని.


గుంటూరు_గులాబి:

అబ్బ, ఈ ఐడియా నాకు చాలా నచ్చిందండి. మా వదినకి ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను, వాళ్ళమ్మాయి చీర ఆకుపచ్చట, ఎర్ర మందారాలు అనగానే ఎగిరి గంతేసింది. గులాబీలు నాలుగుంచి మందారాలు మూడు పెడదామన్నాను.

రేటు కూడా ఫోన్లోనే చెప్పేశాను. గంటల లెక్కంతా చదివి వినిపించాను, బొకే విడిగా, తోరణం విడిగా. వదిన ఒక నిమిషం ఆగి, "తోరణానికి అంత పని ఉంటుందా, నాకు తెలీదు సుమా" అంది. తర్వాత తోరణంలో పక్క సరాలు వద్దు, పైవరస చాలు అంది. బేరమాడలేదు, పని తగ్గించుకుంది, అంతే. సగం అడ్వాన్స్ ఇవాళే పంపుతానంది.

ఇంకో సందేహం. ఫంక్షన్ అయ్యాక ఆ బొకేని వాళ్ళు హాల్లో పెట్టుకుంటామంటున్నారు. దుమ్ము పడితే ఏం చెయ్యమని చెప్పాలి? కలరా ఉండలు వెయ్యమని చెప్పనా? ఇక్కడి నుంచి విజయవాడకి నలగకుండా ఎలా పంపాలి?


పటమట_పోగులు:

సూపర్ అండి! కలరా ఉండలు అక్కర్లేదు, ఉన్నిని తినే పురుగు ఎక్రిలిక్‌నీ నూలునీ తినదు. దుమ్ముకి మెత్తటి మేకప్ బ్రష్ గానీ, హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి గానీ వారానికోసారి కొట్టుకోమనండి. మరక పడితే షాంపూ కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, అద్దుకోవాలి. తీగలున్నాయి కాబట్టి నీళ్ళలో ముంచి ఉతకొద్దు. నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర పెడితే ఎరుపు తొందరగా వెలుస్తుంది, గోడవైపు పెట్టుకోమనండి. ఇవన్నీ చిన్న కార్డు మీద రాసి బొకేకి కట్టి ఇవ్వండి, నేను ప్రతి ఆర్డర్‌కీ ఇస్తాను.

పంపేటప్పుడు పడుకోబెట్టొద్దు, పక్కకి ఒత్తుకున్న రేకులు అలాగే ఉండిపోతాయి. బొకే కంటే నాలుగు వేళ్ళు ఎత్తున్న అట్టపెట్టె తీసుకుని, అడుగున థర్మోకోల్ ముక్క అంటించి, దానికి కాడల కట్ట దూరేంత రంధ్రం చేసి నిలబెట్టండి. చుట్టూ పాత దినపత్రికలు ఉండలు చేసి కాడల దగ్గర మాత్రమే కుక్కండి, పూల దగ్గర ఖాళీగా వదిలెయ్యండి. బస్సులో ఎవరితోనైనా పంపుతుంటే పెట్టె మీద పై వైపు ఏదో పెద్ద బాణం గుర్తు వెయ్యండి. 26 గేజి తీగ ముక్క, ఎర్ర దారం కాస్త, సూది ఒకటి పెట్టెలో పడేస్తే అక్కడ ఏ రేకైనా వంగినా పది నిమిషాల్లో సరిచేసుకోవచ్చు.


అరండల్‌పేట_వైర్:

కాడల కింది కొసలు కత్తిరించాక ఊరికే వదలకండి అక్కా, చేతికి గుచ్చుకుంటాయి, పెళ్ళికూతురి చీర పోగులు కూడా లేస్తాయి. కొస అర అంగుళం వెనక్కి మడిచి దాని మీద టేప్ చుట్టండి, తర్వాతే రిబ్బన్.